మూడు ముళ్ళ వైరు

ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ మాట అన్నవాడెవడో మా ఇంటికి వచ్చి చూడలేదు. నా నోట్లో బస్తాడు నువ్వులు నలభై ఏళ్ళు నానాయి. మా ఆయనకిచ్చిన మాట అది. ఆయన పోయి ఆరేళ్ళయినా గుట్టు దాటనివ్వలేదు. కిందటి ఆదివారం ఒక మొండి ఇంజన్ ముందు మాత్రం నా ఆటలు సాగలేదు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను, ఇప్పటికీ. ఆ గదిలో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద ఒక వైపు నా దారపు రీళ్ళు, ఇంకో వైపు ఆయన నట్లూ బోల్టులూ. నా కత్తెరతో ఆయన రబ్బరు గొట్టాలు కోసేవారు, ఆయన పట్టకారుతో నేను మందపు గుడ్డలోంచి సూది లాగేదాన్ని. దాని మీద రోజూ పోట్లాడుకునేవాళ్ళం. ఇద్దరిలో ఒక్కరమూ మానలేదు.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న బండి ఆయన తన చేతులతో కట్టుకున్నది. చట్రం ఒక పాత జీపుది. వెనక ఇరుసు ఎవరో వదిలేసిన వ్యానుది. సీట్లు డిపోలో తీసి పారేసిన బస్సు సీట్లు. తలుపులు లేవు. పైకప్పు నేను కుట్టిన గుడారం గుడ్డ, దానికి నాలుగు సూదులు విరిగాయి. రంగు వేయించమని ఎవరైనా అంటే, తుప్పుకి మించిన రంగు లేదని నవ్వేసేవారు. దానికి మొండిఘటం అని పేరు పెట్టింది నేనే. రోడ్డు మీద దాన్ని సైకిళ్ళు కూడా దాటిపోయేవి. రోడ్డు అయిపోయిన చోట దాని ప్రతాపం మొదలయ్యేది. వాగులో ఇసుకైనా, గుట్ట మీద రాళ్ళైనా, మోకాలి లోతు బురదైనా దానికి లెక్కలేదు.

ఆదివారాలు గుట్టెక్కేవాళ్ళం. మా అమ్మాయి పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఇంకా పైకి, ఇంకా పైకి అని ఆయన్ని ఎగదోసేది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని తండ్రీకూతుళ్ళిద్దర్నీ తిట్టేదాన్ని. పైకెళ్ళి ఇంజన్ ఆపాక, ఆ వేడి ఇంజన్ మీదే క్యారేజీ గిన్నెలు పెట్టి వెచ్చబెట్టుకుని తినేవాళ్ళం. ప్రతి ముద్దలోనూ కాస్త పెట్రోలు వాసన. ఆ తరవాత ఎన్ని మంచి భోజనాలు చేశానో, ఆ రుచి మళ్ళీ తగల్లేదు. ఇంటికొచ్చాక నా నడుం విరిగిందని రెండు రోజులు సణిగేదాన్ని. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి అందరికంటే ముందు బస్సు సీట్లో కూర్చునేదాన్ని కూడా నేనే.

ఆయన చివరి సంవత్సరం పాత ఇంజన్ పట్టేసింది. గుద్దుకుని నుజ్జయిన ఒక వ్యానులోంచి కాస్త పెద్ద పెట్రోలు ఇంజన్ విప్పించి తెచ్చి, షెడ్డులో మూల పెట్టి, టార్పాలిన్ కప్పారు. దాన్ని ఎక్కించే బలం వచ్చాక చూద్దామన్నారు. ఆ బలం రాలేదు. వారం తిరక్కుండానే ఆసుపత్రికి వెళ్ళారు, అక్కణ్ణించి తిరిగి రాలేదు. ఐదేళ్ళకు పైగా ఆ టార్పాలిన్ని నేను ఎత్తలేదు.

ఎత్తింది అమ్మాయి. అమ్మాయంటే చిన్నపిల్ల కాదు, నలభై రెండేళ్ళది. రెండు వీధుల అవతల ఉంటుంది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. చీటీ అంటించనిదే సీసా కదపదు. వాళ్ళ నాన్నకి పానాలు అందిస్తూ పని నేర్చుకుంది, ఇక తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, వాళ్ళాయన పాత ప్యాంటు తొడుక్కుని షెడ్డులో దూరేది. కొత్త ఇంజన్ కాళ్ళు చట్రం మీద కూర్చోకపోతే, అట్టముక్క కత్తిరించి కొలత తీసి, వెల్డింగు షాపులో దిమ్మలు చేయించింది. గేరుబాక్సుకీ ఇంజన్‌కీ మధ్య రెండు వేళ్ళ మందం ఇనప పలక వేసింది. రేడియేటర్ని ముందుకి జరిపింది. వాళ్ళ నాన్న వదిలేసిన పని పూర్తి చేసి ఆ బండిలో నన్ను గుట్ట మీదికి తీసుకెళ్ళాలని దాని పంతం. నా మోకాళ్ళు ఇప్పుడు గుమ్మం దిగడానికే మూలుగుతాయి. ఒద్దనలేదు, లోపల నాకూ ఆశే.

మూడు నెలల కిందట, ఒక మధ్యాహ్నం, వైర్ల దగ్గరికొచ్చింది. తాళం దగ్గర్నించి ఎనిమిది వైర్లు ఒక ఇనప పైపులో దూరి ఇంజన్ దగ్గర బయటికి వస్తాయి. ఆ కొసల నిండా మసి పట్టిన దారపు ముళ్ళు. అది కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నా కత్తెరే తీసుకుని, ఆ ముళ్ళన్నీ టకటకా కత్తిరించి చేటలో పడేసింది. ఆయన నోటుబుక్కులో డిపో పట్టీ ఒకటి రాసి ఉంది, ఎర్ర వైరు దేనికి, పచ్చ వైరు దేనికి, నీలం దేనికి అని. దాని ప్రకారం ఒక్కో వైరుకీ ముత్యాల్లాంటి అక్షరాలతో తెల్ల చీటీ అంటించింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేటలో ఆ నల్లటి దారాలు చూసేసరికి, ఆపమందామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని లోపలికెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాను.

ఆ ముళ్ళు వేసింది నేను.

ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పెళ్ళైన కొత్తలో ఎర్ర రీలు అందించమంటే పచ్చ రీలు ఇచ్చేవారు. ఆటపట్టిస్తున్నారనుకుని ఒకసారి మొహం మీదే విసుక్కున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు తలుపు దగ్గరగా వేసి చెప్పారు. డిపోలో చేరేటప్పుడు కళ్ళ డాక్టరు రెండు బల్బులు చూపించాడట. పైది ఎరుపు, కిందది పచ్చ అని అంతకుముందు వెళ్ళొచ్చినవాళ్ళు వరండాలో చెప్పుకుంటుంటే విని, ఆ ప్రకారం అప్పజెప్పి బయటపడ్డారట. తెలిస్తే తెల్లారేసరికి ఉద్యోగం ఊడుతుంది. డిపోలో వైరింగు పని వస్తే ఎవరో ఒకరికి అంటగట్టి, వాళ్ళ గేరుబాక్సు పని తను నెత్తిన వేసుకునేవారు. గేరుబాక్సుల్లో పెద్ద మొనగాడని పేరొచ్చింది అందుకే.

మొండిఘటానికి వైర్లు లాగేటప్పుడు మాత్రం అంటగట్టడానికి నేనొక్కదాన్నే దొరికాను. అప్పటికే పైపులో సగం వైర్లు ఆయన లాగేశారు, ముక్కలు అతికించి. ఎర్రదానికి పచ్చది, పచ్చదానికి ఎర్రది. ఇటు ఎరుపుగా దూరింది అటు పచ్చగా తేలుతోంది. నేను చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. రంగుల మాట వదిలేయండి, నేను ముళ్ళేస్తాను, మీరు వేలితో లెక్కపెట్టుకోండి అన్నాను. బొత్తాలు కుట్టే దారానికి మైనం పట్టించి వైరు చుట్టూ బిగించి కట్టాను. ఒకటో వైరుకి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా ఎనిమిదో దానికి ఎనిమిది. మొత్తం ముప్పయ్యారు ముళ్ళు, రెండు కొసలా వేసేసరికి వేళ్ళు కోసుకుపోయాయి. తరవాత ఆయన కళ్ళు మూసుకుని కూడా ఆ వైర్లు విప్పి బిగించేవారు. ఏ వైరు పనేమిటో ఆయన చెబుతుంటే విని విని నాకూ నోటికొచ్చేసింది. రెండు ముళ్ళది బద్ధకస్తురాలు, తాళం పెడితే లేస్తుంది, సెల్ఫ్ కొట్టగానే పడుకుంటుంది. మూడు ముళ్ళది నీలాంటిది, సెల్ఫ్ కొట్టినా, మానినా, మేలుకునే ఉంటుంది అనేవారు.

ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. రిటైరయ్యాక, ఇంకేం భయం, చెబుతానన్నాను. ఒప్పుకోలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా అదే మాట.

"ఎవరికి తెలిసినా పర్లేదు, దానికి మాత్రం తెలియనీయకు. నాన్నకి తెలియనిది లేదనుకుంటుంది పిచ్చిది."

దానికి తెలియకుండా ఉంచడానికి నేనెంత మూల్యం చెల్లించానో ఆయనకి తెలుసు. దానికి తొమ్మిదేళ్ళప్పుడు బడిలో ఆటలపోటీలు. దాని జట్టు ఆకుపచ్చ. రిబ్బన్లు తెమ్మని నాన్నకి చెప్పింది, ఆయన బజారు మూసేవేళకి పరుగెత్తి ఎర్రవి తెచ్చారు. తెల్లవారి అవే కట్టుకుని వెళ్ళింది. వరసలో నిలబెట్టలేదట, పక్కకి తీసేశారట. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఇంటికొచ్చింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. నేను ముందుకొచ్చి, ఎర్రవి తెమ్మన్నది నేనే, మరిచిపోయాను అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడితో అయిందా? పెళ్ళీడు వచ్చినా, పెళ్ళయినా, నేను ఏ చిన్నది మరిచిపోయినా, అమ్మకి నా మాటెప్పుడు గుర్తుంది, రిబ్బన్లప్పట్నించీ అంతే కదా అని పుండు మీద కారం చల్లేది. మొన్నమొన్నటిదాకా. నేను కిమ్మనలేదు. ఒక్కోసారి ఆయన మీద ఒళ్ళు మండేది, నిజం చెబుతున్నాను. అది తండ్రి భుజం మీద తల పెట్టుకుని నావైపు చూసే చూపుకి ఎన్నోసార్లు వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

ఇక కిందటి శనివారం. అంతా బిగించి, నూనెలూ నీళ్ళూ పోసి, అమ్మాయి సెల్ఫ్ కొట్టింది. ఇంజన్ గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు. తాళం వదిలే క్షణంలో ఒక్కసారి ఖంగుమని దగ్గుతుంది, మళ్ళీ ఉలుకూ పలుకూ ఉండదు. ప్లగ్గులు విప్పి తోమింది. కార్బురేటర్ విప్పి ఊదింది. పెట్రోలు మార్చింది. తాళం పెట్టి టెస్టు బల్బుతో, ప్లగ్గులకి నిప్పురవ్వనిచ్చే కాయిల్ దగ్గర చూసింది, బల్బు చక్కగా వెలిగింది. కరెంటు వస్తోంది కదా అని ఆ వైరు సంగతి వదిలేసింది. దాని బుర్రకి తట్టక కాదు. నాన్న లాగిన వైరు తప్పుతుందన్న ఊహే దానికి లేదు.

సాయంత్రం ఓ మెకానిక్‌ని పిలుచుకొచ్చింది. డిపోలో ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు సొంత షెడ్డు. పనిమంతుడే కానీ అతని చెవిలో ఒక మాట వేస్తే ఊరంతా దండోరా వేసినట్టే. బానెట్టు ఎత్తి ఇటూ అటూ చూసి తేల్చేశాడు.

"ఇంజన్ బాగానే ఉందక్కా. వైరింగే ముసలిదైపోయింది. రేపు సాయంత్రం కట్టరు పట్టుకొస్తా, ఈ పైపు కోసేసి లోపలున్నదంతా పీకి పారేద్దాం. కొత్తది వేస్తే గంటలో స్టార్టు."

అమ్మాయికి కోపం వచ్చింది. నాన్న పనికి వంక పెడితే అది ఎవరినీ సహించదు. రేపు ఐదింటిలోగా నేనే స్టార్టు చేస్తాను, కాకపోతే అప్పుడు కోద్దువుగాని అంది. అతను సరేనని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ పైపు కోస్తే లోపల ఎర్రదానికి పచ్చది, పచ్చదానికి ఎర్రది అతికించి ఉన్నాయి. వాటిని ఒక్కసారి చూస్తే చాలు, గురువుగారు వైరింగు పని ఎందుకు తప్పించుకునేవారో వాడికి అర్థమైపోతుంది. టీ కొట్టు దగ్గర నవ్వుకుంటూ చెబుతాడు. ఆ మాట మా అమ్మాయి చెవిన పడుతుంది. నేను చెప్పకుండా దీన్ని ఆపే దారేదీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. నేను మాట తప్పాలి, లేదా ఆయన మర్యాద వీధిన పడాలి.

ఆదివారం మూడైంది, నాలుగైంది. అమ్మాయి నన్ను సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమంది, తను ఇంజన్ మీద వంగింది. అదే తిరుగుడు, అదే దగ్గు. బ్యాటరీ నీరసపడి సెల్ఫ్ మూలుగుతోంది. అది పానా కింద పడేసి, నేల మీద చతికిలబడి, మసి చేతులతోనే మొహం కప్పుకుంది.

"నాన్న ఉంటే ఒక్క నిమిషంలో చేసేవాడమ్మా. నాకు చేతకాదు."

ఇక ఆగలేకపోయాను. సీటు దిగి, కుంటుకుంటూ ముందుకెళ్ళి, ఇంజన్ పక్కన ఆ వైర్ల కొసలు చేతిలోకి తీసుకున్నాను. చీటీలు చూడలేదు. బొటనవేలితో ఒక్కో వైరూ తడిమాను. ముళ్ళు పోయాయి కానీ మైనపు దారం బిగిసిన చోట వైరు తొడుగు మీద గాడి పడి ఉంది. ఏళ్ళ తరబడి ఉంగరం పెట్టుకున్న వేలి మీద మచ్చ ఉంటుందే, అలాగ. కాయిల్‌కి బిగించిన ఎర్ర వైరు మీద రెండు గాళ్ళు. తాళం పెడితే బల్బు వెలిగిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే నిద్రపోతుంది. మరి మూడు గాళ్ళది ఎక్కడుంది? డ్యాష్‌బోర్డులో ఆయిల్ తగ్గితే వెలిగే దీపానికని చీటీ కట్టుకుని ఓ పక్కన వేలాడుతోంది, ఆకుపచ్చది.

ఎర్రది పీకి ఈ పచ్చది కాయిల్‌కి బిగించమన్నాను. అది విస్తుపోయి చూసింది. నీకెలా తెలుసంది. అక్కడ నాకు తోచిందల్లా ఒక్కటే, అలవాటైన దారి.

"ఆ వైర్లకి ముళ్ళేసింది నేనే. నాకు ఎరుపూ పచ్చా సరిగా తెలియవు, అందుకని గుర్తుకోసం వేసుకున్నా."

అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. అది పెరటి గుమ్మంలోంచి ముందుగది వైపు చూసింది. అక్కడ గోడకి నా రీళ్ళు, కుంకుమెరుపు, ఇటికెరుపు, చిలకపచ్చ, నాచుపచ్చ, వరస తప్పకుండా. జాకెట్టు గుడ్డకి దారం కలపడంలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని అందరికీ తెలుసు. అది మళ్ళీ నావైపు తిరిగింది. దాని కళ్ళలో ఒక్కొక్కటే కదలడం చూశాను. రంగు వేయని బండి. ఎవరికో అంటగట్టిన వైరింగు. ఎప్పుడూ అమ్మే కొనే బట్టలు.

"నాన్నకా?" అంది.

నేను చెప్పలేదు. అదే అంది. నేను తలొక్కటే ఊపాను, అది మాట తప్పడమో కాదో పైకెళ్ళాక ఆయన్నే అడుగుతాను.

అది లేచి పచ్చ వైరు కాయిల్‌కి బిగించింది. నేను సీటెక్కి తాళం తిప్పాను. ఉన్న కాస్త బ్యాటరీతో ఇంజన్ రెండు చుట్లు బరువుగా తిరిగింది, మూడో చుట్టుకి అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. నల్లటి పొగ ఒక్కసారి కక్కి, తరవాత నిదానించి, ఆడుతూనే ఉంది. కాళ్ళ కింద ఆ పాత అదురు. పెట్రోలు వాసన. పక్క సీటు ఖాళీగా ఉంది కానీ ఆ క్షణంలో నాకు ఖాళీ అనిపించలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఎవరికి సిగ్గు.

అమ్మాయి కేకలేస్తుంది, గంతులేస్తుంది అనుకున్నాను. చిన్నప్పుడు అలాగే చేసేది. అది వచ్చి నా పక్కన బస్సు సీట్లో కూర్చుంది. ఇంజన్ హోరులో వినపడటానికి నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, నా రిబ్బన్లు…"

ముప్పై మూడేళ్ళు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానేమో, ఎన్ని జవాబులు దాచుకున్నానో. ఆయన బజారంతా పరుగెత్తి తెచ్చారు, కొట్టువాణ్ణి రెండుసార్లు అడిగారట, అయినా వాడు పొరపాటున ఇచ్చాడు, పాపం అని మాత్రం అన్నాను. అది నా ఒళ్ళో తల పెట్టుకుంది. మసి అంతా నా చీరకి అంటింది. ఈ ఒక్కసారికి తిట్టలేదు.

ఐదింటికి మెకానిక్ కట్టరు భుజాన వేసుకుని వచ్చాడు. ఆడుతున్న ఇంజన్ చూసి నోరు తెరిచాడు. ఏమిటక్కా చేశావు అన్నాడు. అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

"నాన్న వైరింగు సరిగ్గానే ఉంది. చీటీలు నేను తప్పు కట్టాను."

అతను తల గోక్కుని, గురువుగారి పని అంటే మాటలా అని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అమ్మాయి ఇంజన్ ఆపింది. ఆ తెల్ల చీటీలన్నీ ఒక్కొక్కటే ఊడబీకింది. ముందుగదిలోకి వెళ్ళి, మైనం ముక్క పట్టుకుని, గోడ ముందు నిలబడింది.

"అమ్మా, మళ్ళీ ముళ్ళెయ్యవా? ఏ రంగు దారం తేను?"

"చేతికి ఏదందితే అది తీసుకురా," అన్నాను. "మీ నాన్నకి అన్నీ ఒకటే."